నూటికి నూరు మార్కుల గ్రామం

పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, మన పల్లెల్లో సామరస్యం పొంగిపొర్లుతుంది. నిన్నటిదాకా గట్టు తగాదాతో పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగినవాళ్లు, శ్మశానం దారి కోసం ఒకరి మీద ఒకరు అర్జీలు పెట్టుకున్నవాళ్లు నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేలోగా ఒక్కమాట మీదికి వచ్చేస్తారు. ఈ అన్యోన్యతకు సర్కారు వారి ధరల పట్టిక కూడా ఉంది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరు ఒక్కటైతే 5 లక్షలు, పది వేలు దాటిన ఊరు ఒక్కటైతే 20 లక్షలు ప్రోత్సాహకం. తొలి విడతలోనే 525 పంచాయతీలు ఏకగ్రీవమయ్యాయి. చిత్తూరు, గుంటూరు జిల్లాల జోరు చూసి రాష్ట్ర ఎన్నికల సంఘానికే అనుమానం వచ్చి, ఫలితాల ప్రకటన కొన్నాళ్లు ఆపి నివేదికలు అడిగింది. ఊరు కలిసిపోతే హారతి పట్టాల్సింది పోయి ఆరాలు తీయడమేమిటని కొందరు నొచ్చుకున్నారు. నన్నడిగితే, అందరూ ఔనన్న చోటే ఆరా ఎక్కువ తీయాలి.

వందమంది ఒకేమాట అన్నారంటే దానికి వంద సాక్ష్యాల బలం ఉందనుకుంటాం. ఎవరికి వారు చూసి, ఆలోచించి చెబితేనే ఆ లెక్క. ఒకరి మొహం చూసి ఇంకొకరు చెబితే సాక్ష్యం ఒక్కటే, మిగతా తొంభైతొమ్మిదీ జిరాక్సులు. 1950లలో అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని గీతలు గీసి, వీటిలో ఏది దీనికి సమానమని అడిగాడు. పసిపిల్లలు చెప్పగల జవాబు. కానీ ముందుగా మాట్లాడుకుని పెట్టిన మనుషులు వరసగా తప్పు చెబుతుంటే, అసలు పరీక్షలో ఉన్న వ్యక్తి దాదాపు మూడో వంతు సార్లు తన కళ్లను కాదని ఆ తప్పే చెప్పాడు. అక్కడ బెదిరింపు లేదు, బాకీ లేదు, సాయంత్రం అదే వీధిలో ఎదురుపడాల్సిన పనీ లేదు. గుంపులో ఒక్కడు నిజం చెప్పిన చోట ఈ లొంగుబాటు బాగా పడిపోయింది. మన ఊళ్లలో ముందుగా బుజ్జగించి నామినేషన్ వెనక్కి తీయించేది సరిగ్గా ఆ ఒక్కడినే. ఇక ఇరాక్‌లో 2002లో సద్దాం హుస్సేన్‌కు నూటికి నూరు శాతం ఓట్లు పడ్డట్టు అధికారికంగా ప్రకటించారు. అంతకుముందు 1995లో 99.96 శాతమే. ఆ నాలుగు పైసల కొరత ఎలా తీరిందని అడిగే ధైర్యం అక్కడెవరికి ఉంటుంది!

ఎన్నికలొస్తే మందు, డబ్బు, ముఠాలు, తలలు పగలడం తప్పవు కదా, ఏకగ్రీవమైతే ఊరు ప్రశాంతంగా ఉంటుంది కదా అంటారు. నిజమే, కొన్ని ఊళ్లు మనస్ఫూర్తిగానే మంచి మనిషిని నిలబెట్టుకుంటాయి, కాదనను. కానీ గుడికి విరాళం పేరుతో సర్పంచ్ పదవిని వేలం పాటకు పెట్టిన ఊరు కూడా అంతే ప్రశాంతంగా ఉంటుంది. కాగితం మీద రెండింటికీ తేడా తెలియదు. రిజర్వుడు స్థానంలో ఎవరు నిలబడాలో ఆ వర్గం కాకుండా పెద్దమనుషులు తేల్చిన చోటా గొడవ ఉండదు. ఇక వేలం పెట్టిన ఊళ్లో ఖర్చూ తగ్గలేదు, వందల చేతులకు పంచాల్సింది ఒకే చోటికి చేరిందంతే.

ఇంకొంచెం గట్టి అభ్యంతరం ఉంది. 2017లో గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా తేల్చారు, దాన్నీ అనుమానించాలా? అక్కర్లేదు. వాళ్లు ఆరు వేర్వేరు తీర్పులు రాశారు. దారులు వేరైనా గమ్యం ఒక్కటైంది. పైగా అదే తీర్పులో, ఎమర్జెన్సీ నాటి జబల్పూర్ కేసులో, నిర్బంధంలో ఉన్నవాళ్లు కోర్టు తలుపు తట్టలేరని మెజారిటీ చెప్పింది తప్పని కొట్టేశారు. 1976లో ఆ బెంచీలో ఐదుగురికి నలుగురు ఒకటైతే, కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే. ఆ ఒక్కరినీ ‘నచ్చజెప్పి’ ఉంటే మనకో ముచ్చటైన ఏకగ్రీవం దక్కేది.

కాబట్టి నాదో చిన్న ప్రతిపాదన. ఒక్క నామినేషనే మిగిలిన ఊళ్లోనూ పోలింగ్ పెట్టండి, ఆ పేరు పక్కన నోటా ఉంచండి, రహస్యంగా ఓటేయనివ్వండి. ఖర్చంటారా, ప్రోత్సాహకం డబ్బులున్నాయిగా. ఊరు నిజంగానే ఒక్కటై ఉంటే ఎవరికీ నష్టం లేదు. లెక్కింపు అయ్యాకే ఆ చెక్కు మీద సంతకం పెట్టండి.