లెక్కల తాతగారు

ప్రతి వీధికిని ఒక కుళాయి యున్నట్లే ఒక లెక్కల తాతగారును ఉందురు. కుళాయికి వేళలు గలవుగాని తాతగారికి అవి లేవు. మా వీధి తాతగారు తాలూకా కచేరీలో ముప్పదియేండ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి పింఛను పుచ్చుకొనుచున్నవారు. ఎప్పుడో స్కూలు ఫైనలులో ఆయనకు లెక్కలలో 100కి 96 మార్కులు వచ్చినవట; తక్కిన నాలుగును ఎటు పోయినవో నాటినుండి నేటివరకు ఆయన వెదకుచునే యున్నారు.

సాయంకాలము దీపము పెట్టువేళ మనుమరాలు పుస్తకముల సంచి దించుటయే తడవుగా, కళ్ళజోడు కండువా చెంగుతో తుడుచుకొని, చిటికెడు ముక్కుపొడి పట్టించి, పడకకుర్చీ ముందుకు జరుపుకొని, "ఏదీ, చదువమ్మా" అని ఆజ్ఞాపింతురు.

నేను వెళ్ళిన నాటి లెక్క యిది: తండ్రి వయస్సు కొడుకు వయస్సునకు 3 రెట్లు, 12 సంవత్సరముల పిమ్మట 2 రెట్లగును, ఇప్పుడు ఎవరి వయస్సెంత?

"కొడుకు వయస్సు ఎక్సు అనుకుందాం తాతయ్యా."

"ఎక్సేమిటే! మన భాస్కరాచార్యులు 12వ శతాబ్దంలోనే దాన్ని యావత్తావత్తు అన్నాడు. రెండోది కావాలంటే కాలకం, మూడోది కావాలంటే నీలకం. ఆ పేర్లలోనే ఉంది సగం జవాబు!"

ఆ సగము జవాబు వ్రాయుటకే అరపుట పట్టినది. మిగిలిన సగమున తాతగారి స్వతంత్ర ప్రతిభ ప్రకాశించినది. సమీకరణమున ఒక పక్షమునుండి రెండవ పక్షమునకు పోవు రాశి తన గుర్తు మార్చుకొనవలెనని శాస్త్రము ఘోషించుచుండగా, ఇల్లరికము వెళ్ళినంతమాత్రమున ఇంటిపేరు మార్చుకొనుట మగవానికి తగదన్నట్లు, ఆయన ధనమును ధనముగనే గోడ దాటించిరి. తుదకు కొడుకునకు 7 యేండ్లును ఒక యేటిలో ఐదవ వంతును అని తేలినది.

పిల్ల వ్రేళ్ళు మడిచి చూచుకొని, "అయితే వాడు పుట్టేసరికి వాళ్ళ నాన్నకి పద్నాలుగున్నర కూడా నిండలేదు తాతయ్యా!" అన్నది.

"1929లో శారదా చట్టం వచ్చిందా లేదా? ఈ లెక్క అంతకు ముందరిది!"

పుస్తకము చివర జవాబు 12, 36 అని యున్నది. "అచ్చుతప్పు" అని తాతగారు పెన్సిలుతో దిద్దిరి.

పిమ్మట రేఖాగణితము. సమద్విబాహు త్రిభుజమున భూకోణములు సమానమని నిరూపింపవలెను. యూక్లిడు మొదటి గ్రంథమున ఐదవదియగు ఈ సిద్ధాంతమునకు పాశ్చాత్యులు గాడిదల వంతెన యని పేరు పెట్టిరి. తాతగారు ఆ వంతెన యెక్కరు, కోణమానినితో ఏటిని కొలిచి ఇంటికి వత్తురు. పిల్ల దత్తాంశము, సారాంశము, నిర్మాణము, ఉపపత్తి యని నాలుగు శీర్షికలు వ్రాసికొని కూర్చుండెను. మర వదులై దారము చుట్టించుకొన్న వృత్తలేఖినితో ఆయన గీచిన చాపము బయలుదేరిన కొలతకు కట్టుబడక మార్గమధ్యమున మనస్సు మార్చుకొన్నది. ఒక కోణము 70 డిగ్రీలు, రెండవది 68 వచ్చినవి. "ఆ రెండూ కాగితం ముడతలో పోయాయి, సమానమే. రాసుకో!" అని ఉపపత్తి ముగించి, తాతగారు విజయోత్సాహమున సంధ్యవార్చుటకు లేచిరి.

నాకు జాలి కలిగి, "రేపు బడిలో ఏం చూపిస్తావమ్మా?" అంటిని. ఆ పిల్ల సంచిలోనుండి వేరొక పుస్తకము తీసి చూపినది. అందు వయస్సుల లెక్క నాలుగు పంక్తులలో తేలియున్నది. శీర్షమునుండి భూమి మధ్యకు ఒక గీత గీచి, రెండు త్రిభుజములను సర్వసమానములు చేసి, సిద్ధాంతమును గూడ చక్కగా నిరూపించియున్నది.

"ఇది బడికి, అది తాతయ్యకి బాబాయిగారూ."

"అన్నీ చేసేసుకుని మళ్ళీ ఆయన్ని అడగడమెందుకే?"

పిల్ల వాకిలివైపు ఒకమారు చూచి, గొంతు తగ్గించి, "లెక్కలు లేవంటే ఇంగ్లీషు వ్యాకరణం తీస్తారండీ!" అన్నది.