ట్రిగ్గర్‌కు ముందు 10 సెకన్లు

"లైట్ కర్టెన్ పనిచేస్తూనే ఉంది. వాడే ఎలాగో చెయ్యి దూర్చాడు" అని ప్లాంట్ మేనేజరు అప్పటికే తేల్చేశారు. చెయ్యి అడ్డం వస్తే ప్రెస్‌ను ఆపాల్సిన వెలుతురు తెర అది. ప్రెస్‌లో రెండు వేళ్లు పోగొట్టుకున్న ఆపరేటర్ ఆస్పత్రిలో ఉన్నాడు, కాదనడానికి ఎదురుగా లేడు. ఆ ప్రెస్‌కు డేటా అక్విజిషన్ కార్డు బిగించింది నేనే గనక, రికార్డు తీసి ఆ మాటే కాగితం మీద పెట్టమని నన్ను పిలిపించారు.

ఆ కార్డు డిజిటల్ లైన్లు 5 వోల్టులవి, ప్రెస్ సిగ్నళ్లు 24 వోల్టులవి. నేరుగా కలిపితే కార్డు మాడిపోతుంది. అందుకే లైనుకొక ఆప్టోకప్లర్ పెట్టాను. అటు 24 వోల్టులు వస్తే లోపలి ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఆ వెలుగుకు ఇటు ట్రాన్సిస్టర్ లైనును సున్నాకు లాగుతుంది. రెంటి మధ్యా దాటేది వెలుతురే, కరెంటు కాదు. ట్రిగ్గర్ ఎమర్జెన్సీ స్టాప్ బటన్. కార్డు పాతది చెరిపేస్తూ కొత్తది రాసుకుంటూనే ఉంటుంది. బటన్ నొక్కగానే అంతకుముందు 10 సెకన్లను అలాగే దాచేస్తుంది.

పక్క మెషిన్ మనిషి పరుగున వచ్చి బటన్ కొట్టబట్టి ఆ 10 సెకన్లు మిగిలాయి. తెరిచి చూశాం. ప్రెస్ ర్యామ్ కిందికి దిగింది. వేళ్లు నలిగిన ఆ క్షణంలో కూడా లైట్ కర్టెన్ లైను "అడ్డం లేదు" అనే చెబుతోంది.

"వైరు లూజై ఉంటుందండీ. ఉత్తుత్తి సిగ్నల్" అన్నారు మేనేజరు.

"వైరు ఊడితే ఎల్‌ఈడీ వెలగదు సార్. పుల్-అప్ రెసిస్టర్ లైనును పైకి లాగుతుంది. అప్పుడు 'అడ్డం ఉంది' అని పడాలి. అలా పడేటట్టే కట్టాను."

పెద్దది చేసి చూపించాను. ఈ కర్టెన్ తనను తాను పరీక్షించుకోవడానికి మిల్లీసెకను కన్నా తక్కువసేపు అవుట్‌పుట్ ఆపి, మళ్లీ ఇస్తుంటుంది. పాత రికార్డుల్లో ఆ సన్నటి గాట్లు వరసగా కనిపిస్తాయి. ఇందులో ఒక్కటీ లేదు, 10 సెకన్లూ నున్నటి గీత. అంటే ఆ 24 వోల్టులు కర్టెన్ నుంచి రాలేదు, సరాసరి పవర్ సప్లై నుంచి వస్తున్నాయి.

ప్యానెల్ తెరవమన్నాను. 24 వోల్టుల టెర్మినల్ నుంచి కర్టెన్ టెర్మినళ్లకు రెండు ఎర్ర వైరు ముక్కలు. కర్టెన్ మాటిమాటికీ ప్రెస్‌ను ఆపితే ప్రొడక్షన్ పడిపోతుంది మరి. ఆ ప్యానెల్ తాళంచెవి ఆపరేటర్ల దగ్గర ఉండదు. మేనేజరు తన జేబులోంచే తీశారు.

ఎవరూ మాట్లాడలేదు. రికార్డు కాపీ ఇచ్చి వచ్చేశాను.

వారం తిరక్కుండానే ఆ కంపెనీ నుంచి ఆర్డరు వచ్చింది. మిగతా ప్రెస్‌లన్నిటికీ అవే కార్డులు, అవే ఆప్టోకప్లర్లు. ధర దగ్గర బేరం కూడా ఆడలేదు. మార్చమన్నది ఒక్కటే, పాత ప్రెస్‌కు కూడా: "ప్రీ-ట్రిగ్గర్ 0 సెకన్లు."