నూటికి నేనెంత?

మా తాతది ఇంగ్లండు. పేరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, మూడో సిరీస్. ఆయన పోలికతోనే హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో మా అంబాసిడర్ వంశాన్ని మొదలుపెట్టారు. నేను 1965లో పుట్టిన మార్క్ టూని. ముందు చదరంగం గళ్ల జాలీ, బానెట్ కింద 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు కర్ర, ముందు వరుసలో ముగ్గురు కూర్చునే ఒకే పొడుగు సీటు. ఒంటి రంగు బూడిదలో కాస్త పచ్చదనం కలిపినట్టుండేది. ఈ రంగు సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దానితో పనుంది.

కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన కాలమది. అలా ఎదురుచూసి నన్ను తెచ్చుకున్నారు ఏలూరు పవర్‌పేటలో ఒక ప్లీడరు గారు. తెచ్చిన వారంలోనే ద్వారకా తిరుమల తీసుకెళ్లి, బానెట్ మీద పసుపు బొట్లు పెట్టించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించారు. పొద్దున కోర్టు, సాయంత్రం క్లబ్బు, ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, ఎవరింట పెళ్లయినా ఊరేగింపు. పదేళ్లు దర్జాగా గడిచాయి.

ఆయన పోయాక నన్ను కైకలూరు వైపు చేపల చెరువుల రాజు గారు కొన్నారు. ఆయన పద్ధతే వేరు. పెట్రోలు తాగుతున్నానని నా ఇంజను పీకించి డీజిలు ఇంజను పెట్టించారు. పాత మోడలులా కనిపిస్తున్నానని గళ్ల జాలీ తీయించి మార్క్ ఫోర్ జాలీ తగిలించారు. అందరి కార్లూ తెల్లగా ఉన్నాయని నాకూ తెల్లరంగు కొట్టించారు. పైన క్యారియరు, డిక్కీలో తవుడు బస్తాలు. చిన ఎడ్లగాడి దగ్గర వరద నీళ్లు రోడ్డెక్కినా ఆగేవాళ్లం కాదు. అక్కడి బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో పడుకుని లారీల మీద హౌరా వెళ్లేవి. ఉత్తర్‌పారా ఆ హౌరా పక్కనే. నేను పుట్టింటి నుంచి కొల్లేటికి వస్తే, కొల్లేటి చేపలు మా పుట్టింటికి పోతున్నాయన్నమాట.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో సరస్సులోని చెరువు గట్లు తొలగించారు. ఆ తర్వాత రాజు గారు చెరువుల వ్యాపారం తగ్గించుకున్నారు, నాకు షెడ్డు ప్రాప్తించింది. కొల్లేటి గాలిలో తేమ సంగతి అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఫ్లోరు రేకు అప్పడంలా పొడైంది. తలుపుల కింది పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి రాలిపోయాయి.

అక్కడికి వెతుక్కుంటూ వచ్చింది ప్లీడరు గారి మనవరాలు. హైదరాబాదులో ఉద్యోగం. వెంట ఏలూరు మెకానిక్కు సాయిబు తాత. ఈయన గురువు, యుద్ధం అయ్యాక వేలానికొచ్చిన జీపుల మీద తాడేపల్లిగూడెంలో పని నేర్చుకున్నవాడు. ఆ ఊళ్లో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఇప్పటికీ ఉంది కదా, ఆ కాలం మనిషి. సాయిబు తాత నా చుట్టూ తిరిగి చూసి ఒక్కటే అడిగాడు.

“రాజు గారూ, దీని పాత ఇంజను ఏం చేశారండీ?”

షెడ్డు మూల గోనెపట్టాల కింద ఉంది. పట్టాలు తీసి, మసి తుడిచి, నంబరు చదివించాడు. ఆర్‌సీ పుస్తకంలో ఉన్న నంబరూ అదీ ఒకటే. తాత మొహం వెలిగింది. అమ్మాయికి అప్పటికి అర్థం కాలేదు, తర్వాత అయింది. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటిన బండి వింటేజి కింద నమోదవుతుంది. కానీ ఛాసీ, బాడీ, ఇంజను పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి. కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు. రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని నంబరు వస్తుంది. రోజువారీ పనులకీ వ్యాపారానికీ వాడకూడదు. రాజు గారి డీజిలు ఇంజనుతో నేను ఆ గడప తొక్కలేను.

నన్ను తీసుకెళ్లి బాగుచేయడం మొదలుపెట్టాక అసలు తగాదా వచ్చింది. అమ్మాయికి నేను అద్దంలా మెరవాలి. ఇప్పటి పీయూ పెయింటు, పైన క్లియర్ కోటు, రేడియల్ టైర్లు, తలుపుల మధ్య సందులన్నీ వేలు పెట్టి కొలిచినట్టు సమానం. తాత ససేమిరా అన్నాడు.

“ఉత్తర్‌పారాలో ఇంత నున్నగా ఎవడు కొట్టాడు పాపా? కొత్త బండి డెలివరీ తీసుకున్నప్పుడే ఆ రంగు మీద సన్నటి గరుకు ఉండేది. నువ్వు దీన్ని బాగుచేస్తున్నావా, మార్చేస్తున్నావా?”

అమ్మాయి చదువుకున్నది కదా, పాత కార్ల పోటీల నియమాలు తెప్పించి చదివింది. తాత మాటే అక్కడా ఉంది. 1935లో పుట్టిన అమెరికా పురాతన కార్ల సంఘం లెక్క 400 మార్కులది. పిల్లల పరీక్షలో సున్నా నుంచి మార్కులు కూడుతూ పోతారు. ఇక్కడ బండికి ముందే మొత్తం మార్కులిచ్చి, కనబడ్డ తప్పుకల్లా కోసుకుంటూ వస్తారు. దేనితో పోల్చి కోస్తారు? కొత్తలో డీలరు ఆ బండిని కొన్నవాడి చేతిలో పెట్టినప్పటి స్థితితో. అంతకంటే తక్కువుంటే కోత. అంతకంటే ఎక్కువ మెరిస్తే అదనపు మార్కు ఒక్కటీ రాదు. జడ్జీకి అనుమానమొస్తే ‘ఇది కర్మాగారం వేసిందే’ అని రుజువు చూపించాల్సిన బాధ్యత బండి యజమానిది. నాటి క్యాటలాగు, విడిభాగాల పుస్తకం, కంపెనీ కాగితాలు, ఇవీ సాక్ష్యాలు.

క్యాటలాగులంటే అమెరికా బండ్లకి అలమారల కొద్దీ ఉన్నాయి. మాకేవి? మా వంశం 2014లో ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అనే పేరు ఒక్కటే 80 కోట్లకి ఫ్రాన్సు కంపెనీ ప్యూజో కొనుక్కుంది. పేరుకి అంత ధర పలికింది గాని, 1965లో నా తలుపు పిడికి ఏ తల ఉన్న మర బిగించారో చెప్పే కాగితం బజారులో దొరకడం గగనం. విజయవాడ ఆటోనగర్‌లో గళ్ల జాలీ దొరికింది, పాత విడిభాగాల పుస్తకం ఒకటి చినిగిన పేజీలతో దొరికింది. మిగతాదంతా సాయిబు తాత తలలో ఉంది.

ఆ తలతోనే పని నడిచింది. కొత్త రకం నక్షత్రం గాడి మరలు తీసేసి ఒకే గాడి ఉన్నవి వేయించాడు. 5.90–15 కొలతలో క్రాస్‌ప్లై టైర్లకి కబురు పంపాడు. రంగు దగ్గర మాత్రం తాతకే సందేహం. బయట రేకుని వాటర్ పేపరుతో రుద్దితే తెలుపు, దాని కింద మీగడ రంగు, ఆ కింద లప్పం, ఆ కింద తుప్పు. అసలు రంగు ఎక్కడా లేదు. చివరికి వెనక సీటు వీపు ఊడదీశాడు. దాని వెనక రేకుని 1965 తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. పచ్చదనం కలిసిన ఆ బూడిద రంగు అక్కడ అలాగే ఉంది. మూల, పరీక్షించినవాడెవడో సుద్దతో పెట్టిన అడ్డగీత కూడా ఉంది.

“ఇది ముట్టుకోకు పాపా. బండంతా కొట్టు, ఇది వదిలెయ్,” అన్నాడు.

పోటీ హైదరాబాదులో. ఆ ఊరికి పాత కార్లు కొత్త కాదు. ఆరో నిజాం ఆర్డరిచ్చి, చూడకుండానే పోయిన 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. 2017లో ఫలక్‌నుమా ప్యాలెస్‌లో కార్టియర్ వారి పోటీ జరిగింది. నేను వెళ్లింది అంత పెద్దది కాదు. అయినా నా పక్కన మెర్సిడెస్‌లు, బ్యూక్‌లు నిలబడి ఉంటే, తవుడు మోసిన నా నడుం కాస్త వంగిన మాట నిజం.

జడ్జీలు నలుగురు వచ్చారు. ఒకరికి బయటి ఒళ్లు, ఒకరికి లోపలి సీట్లు, ఒకరికి ఇంజను, ఒకరికి ఛాసీ. చేతులు వెనక్కి కట్టుకుని చూశారు, ఎవరూ ముట్టుకోలేదు. లైట్లు వేయమన్నారు, హారను కొట్టమన్నారు, ఇంజను స్టార్టు చేయమన్నారు. ఛాసీ చూసే ఆయన చాప పరుచుకుని నా కింద దూరాడు.

కోతలు మొదలయ్యాయి. బంపరుకి క్రోము మరీ మందంగా పట్టించారు, కోత. రేడియేటరు గొట్టాల క్లిప్పులు ఈ కాలపువి, కోత. సీటు రెక్సిను నేత నాటిది కాదు, కోత. తలుపుల సందులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అమ్మాయి ఊపిరి బిగబట్టింది. బయటి ఒళ్లు చూసే పెద్దాయన నవ్వాడు.

“వీటికి కోయనమ్మా. ఈ బండి పుట్టుకే అంత. సమానంగా ఉంటే అప్పుడు అడిగేవాణ్ణి.”

తర్వాత రంగు దగ్గర ఆగాడు. “ఈ రంగు మార్క్ టూకి ఉండేదని ఎలా చెప్తారు?”

అమ్మాయి మాట్లాడకుండా వెనక సీటు వీపు పైకెత్తింది. పెద్దాయన లోపలికి వంగి చూశాడు. మిగతా ముగ్గుర్నీ పిలిచాడు. పక్క వరుసలో మరో అంబాసిడర్ యజమాని కూడా వచ్చి, ఫోనుతో ఫొటోలు తీసుకున్నాడు. ఒళ్లంతా కలిపి అంతసేపు ఎవరూ చూడలేదు నన్ను.

అంతకుముందు నాకు ఒక అసూయ ఉండేది. అవతలి చివర స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి వెలిసిన రంగుతో, చిరిగిన సీటుతో నిలబడి ఉంది. బాగుచేయనే లేదు. దానికి కాపాడుకొచ్చిన బండ్ల వర్గంలో బహుమతి. 1966లో ఏర్పడిన ఫీవా అనే అంతర్జాతీయ సమాఖ్య కూడా బండ్లని ఇలాగే విడదీస్తుంది: ఉన్నదున్నట్టు మిగిలినవి ఒక వర్గం, బాగుచేసినవి మరో వర్గం. కాలిఫోర్నియాలో 1950 నుంచి జరుగుతున్న పెబుల్ బీచ్ పోటీలో ఇంకో తమాషా ఉందని పెద్దాయనే చెప్పాడు. రెండు బండ్లకి మార్కులు సమానమైతే, అంతకుముందు రోడ్డు యాత్ర పూర్తిచేసిన బండిదే గెలుపు. బొమ్మలా నిలబెట్టడానికే బాగుచేశారా, నడవడానికా అని అడగడమే అది.

ఆ సీటు వీపు దగ్గర నాకు హెరాల్డ్ గొప్పతనం అర్థమైంది. నాలాంటి బాగుచేసిన బండి ఎంత బాగున్నా జవాబు పత్రమే. జవాబు సరైందో కాదో చూడాలంటే హెరాల్డ్‌లాంటిది ఎక్కడో ఒకటి మిగిలుండాలి. నా ఒంట్లో అలా మిగిలింది చేటంత రేకు. ఈ పోటీ లెక్కలో నూటికి 84 వచ్చాయి, మా తరగతిలో మూడో స్థానం. వాటిలో ఆ చేటంత రేకు సంపాదించినవెన్నో అమ్మాయి ఇప్పటికీ లెక్కేస్తుంది.

ఏలూరు తిరిగొచ్చాక అమ్మాయి ఒక లావు నోటుబుక్కు కొంది. సెలవులకి వచ్చినప్పుడల్లా సాయిబు తాతని ముందు కూర్చోబెట్టి అడుగుతుంది, రాస్తుంది. మార్క్ వన్ ఇంజను ఏ ఏడాది మారింది, కార్బొరేటరు మీద ఏ కంపెనీ ముద్ర ఉండేది, డాష్‌బోర్డు ఏ మోడలులో ఎలా మారింది, సీటు కుట్టు ఎటునుంచి ఎటు. ల్యాండ్‌మాస్టర్ దగ్గర్నుంచి తాత తన చేత్తో విప్పినవన్నీ ఒక్కో పేజీ. పక్కనే గీత గీసి ‘ఎక్కడ చూశారు, ఏ బండిలో’ అని ఇంకో గడి. వచ్చే పోటీకి ఆ పుస్తకం జడ్జీల బల్ల మీద పెడుతుందట.

మొన్న నా వైపరు మోటారు దగ్గర ఆగారు. ఏ ఊరిది వేశారో తాతకి గుర్తు రాలేదు. అందరూ అనుకునేదే రాసేద్దాం తాతా అంది అమ్మాయి.

“నేను చూడనిది నా పేరు మీద రాయొద్దు పాపా,” అన్నాడు తాత. “ఖాళీ వదిలెయ్. చూసినవాడొస్తే వాడు నింపుతాడు.”

ఆ గడి ఖాళీగానే ఉంది. మీ షెడ్డులో అరవైల నాటి మార్క్ టూ ఏదైనా ఉంటే, దాన్ని కడిగే ముందు ఒకసారి వైపరు మోటారు మీద అక్షరాలు చదివి మాకు చెప్పండి.