మూతి వాసన పరీక్ష

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెతను ఇన్నాళ్లూ మనం డాబుసరి రాయుళ్ల మీదే వాడుకున్నాం. 2020లో దానికి విశ్వవిద్యాలయ హోదా దక్కింది. ఒంట్లోంచి కాస్త రక్తం తీయడం, అందులో పాత నెయ్యి వాసన ఉందేమో చూడడం, ఉన్నవాడు గుండె మీద చెయ్యేసుకుని తరగతికి రావచ్చని ఆశపడడం. కరోనా మొదటి వేసవిలో అమెరికా క్యాంపస్‌ల మీద తిరిగిన మహత్తరమైన ఆలోచన ఇదే. శాస్త్రీయ నామం యాంటీబాడీ పరీక్ష.

అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే ఎడారి ఊరుంది. అక్కడి అరిజోనా విశ్వవిద్యాలయానికి అప్పటి ప్రెసిడెంటు, అంటే మన లెక్కలో వైస్ ఛాన్సలర్, స్వయానా గుండె ఆపరేషన్లు చేసిన డాక్టరు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రం 35 లక్షల డాలర్లిచ్చింది. రెండున్నర లక్షల మంది వైద్య సిబ్బందికి, పోలీసులకు, అగ్నిమాపక దళాలకు పరీక్షలన్నారు. ఇంటివాళ్లకు వడ్డించకపోతే బాగుండదు కాబట్టి 45,000 మంది విద్యార్థులకు, 15,000 మంది సిబ్బందికి కూడా అన్నారు. వెరసి 60,000 మూతులు.

న్యాయంగా చెప్పుకోవాలి. వాళ్ల ల్యాబులో తయారైన పరీక్ష నాసిరకం కాదు. వైరస్ స్పైక్ ప్రొటీన్‌లో రెండు వేర్వేరు భాగాలకూ యాంటీబాడీలు దొరికితేనే పాజిటివ్ అనే పద్ధతి. ముక్కు ఒకటైనా రెండుసార్లు వాసన చూసి గానీ నెయ్యి అనరు. ఆ శాస్త్రవేత్తలకు దణ్ణం పెట్టాల్సిందే. నా బాణం వాళ్ల మీద కాదు, వాళ్ల పరీక్ష ఫలితాన్ని పంచాంగంలా చదవబోయిన వాళ్ల మీద.

అన్ని పరీక్షలూ అలా ఉంటే ఎంత బాగుండు! 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఈ పరీక్షలకు ముందస్తు అనుమతి అక్కర్లేదని తలుపులు బార్లా తెరిచింది. సంతలోకి రకరకాల కిట్లు దిగాయి. మే 4న మళ్లీ నాలుక కరుచుకుని నిబంధనలు బిగించింది. ఈలోగా లెక్కల మాస్టారు ఒకాయన ఉంటే బోర్డు మీద ఇలా వేసి చూపించేవారు. 60,000 మందిలో నూటికి ఐదుగురికి జబ్బు వచ్చి పోయిందనుకోండి. 3,000 మంది. ఉన్నదాన్ని నూటికి తొంభైసార్లు, లేనిదాన్ని నూటికి తొంభై ఐదుసార్లు సరిగ్గా చెప్పే కిట్ అయితే 2,700 మందిని నిజంగా పట్టుకుంటుంది. జబ్బు అసలు రాని 57,000 మందిలో 2,850 మందికి వచ్చిందని చెప్తుంది. నెయ్యి తాగినవాళ్ల కంటే నూనె తాగినవాళ్లే ఎక్కువమంది మూతులు చూపిస్తారన్నమాట. మార్కులు తొంభై ఐదు, నమ్మకం సగానికి తక్కువ. ఇంజనీరింగ్ కాలేజీలు చూసిన మనకు ఇదేం కొత్త కాదు.

పోనీ, వాసన నిజమైన నెయ్యిదే అనుకుందాం. అప్పుడైనా అది చెప్పేది నిన్నటి భోజనం గురించి. ఒంట్లో యాంటీబాడీలు కనబడేసరికి వారం నుంచి మూడు వారాలు పడుతుంది. కుర్రాడు పక్కగదివాడికి జబ్బు అంటించే రోజుల్లో ఈ పరీక్ష నోరు మెదపదు. అంటించడం అయిపోయి, తుమ్మడం మానేసి, హాయిగా పిజ్జా తింటున్నప్పుడు వచ్చి "వీడికి కరోనా వచ్చింది సుమండీ" అని చాటింపు వేస్తుంది. దొంగ ఊరు దాటాక ఈల వేసే గూర్ఖా కూడా ఇంతకంటే ముందే వేస్తాడు.

ఇక ఇంటికి ఫోను చేసే ఘట్టం ఊహించుకోండి.

"నాన్నా, టెస్టులో ఏమొచ్చిందిరా?"

"నెగెటివ్ అమ్మా."

"హమ్మయ్య! ఆ వెంకన్న చల్లగా చూశాడు."

"అది కాదమ్మా, నెగెటివ్ అంటే నాకింకా రాలేదని. ఇక ముందు రావచ్చని."

"అయితే పాజిటివ్ వస్తే మంచిదా?"

"వచ్చి పోయిందని అర్థం. మళ్లీ రాదని మాత్రం కాదు."

"మరి ఎందుకురా ఆ టెస్టు?"

డాక్టరేట్లు లేని ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఆ ఏడాది పెద్ద పెద్ద సంస్థలు జవాబు వెతుక్కున్నాయి. చిలీ దేశం ఏప్రిల్‌లో ఏకంగా కోలుకున్నవాళ్లకు కార్డులిస్తానంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అదే నెల 24న ప్రపంచ ఆరోగ్య సంస్థ, యాంటీబాడీలుంటే జబ్బు తిరిగి రాదనడానికి ఆధారం లేదని హెచ్చరించింది. మే నెలలో అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ ఇంకా సూటిగా చెప్పింది: ఈ ఫలితాలు చూసి బడుల్లో, హాస్టళ్లలో, జైళ్లలో ఎవరిని ఎవరితో కలిపి ఉంచాలో తేల్చకండి. హాస్టళ్లనూ జైళ్లనూ ఒకే వాక్యంలో చేర్చినందుకు, హాస్టల్ కూడు తిన్న ఎవరైనా సీడీసీకి కృతజ్ఞులై ఉంటారు.

అయినా క్యాంపస్ తెరవాలన్న తొందర ఎవరికి? యాంటీబాడీలకా? ఫీజులకు! గదుల అద్దెకు, మెస్సు బిల్లుకు, ఫుట్‌బాల్ టికెట్లకు ఏ వైరస్ నుంచీ రక్షణ లేదు కదా. ప్రభుత్వం కూడా తన వంతు చెయ్యి వేసింది. జులై 6న అమెరికా వలస శాఖ విదేశీ విద్యార్థుల చెవిలో శంఖం ఊదింది: చదువులన్నీ ఆన్‌లైన్‌లోనే అయితే మీరు దేశం వదిలి పొండి. లోను కట్టే తండ్రులు ఇటు హైదరాబాద్‌లో, విజయవాడలో నిద్రలు మానుకున్నారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాక జులై 14న ఆ ఉత్తర్వు తోక ముడిచింది. ఆయుష్షు ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో మన పిల్లలకు తెలిసొచ్చిన సత్యం: తరగతి గదిలో కావలసింది బుర్ర కాదు, శరీరం.

ఆగస్టు 24న టూసాన్‌లో తరగతులు మొదలయ్యాయి. మర్నాడే లికిన్స్ హాల్ అనే హాస్టల్ బయట మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు దొరికాయి. ఆ హాస్టల్లో 311 మందికి వైరస్ పరీక్షలు చేస్తే ఇద్దరు బయటపడ్డారు. ఇద్దరికీ దగ్గు లేదు, జ్వరం లేదు. విడిగా ఉంచారు. అంతే. ఏప్రిల్ నుంచి అందరి కళ్లూ రక్తం మీదే. పని చేసిపెట్టింది మాత్రం మ్యాన్‌హోల్. మూతుల్లో దొరకని వార్త మురుగులో దొరికింది. మురుగుకు డాబు లేదు, సిగ్గూ లేదు. లక్షణాల కోసం ఆగదు, ఈ రోజు సంగతి ఈ రోజే చెప్తుంది.

ఒక హాస్టల్ తప్పించుకుంది గానీ ఊరు తప్పించుకోలేదు. సెప్టెంబర్ 14 నుంచి 14 రోజులు గడప దాటొద్దని విద్యార్థులను విశ్వవిద్యాలయమే వేడుకోవలసి వచ్చింది. గుంపులుగా విందులు చేసుకునే వయసుకు ఏ రక్త పరీక్షా కళ్లెం వెయ్యదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? అదే ఆగస్టులో హైదరాబాద్ పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ మన మూసీ నగరపు మురుగును పరీక్షించి, సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని లెక్కగట్టాయి. చాలామంది ముక్కు మూసుకుని పేజీ తిప్పారు. 2021 మార్చిలో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్, టీకాల కంపెనీ భారత్ బయోటెక్ కలిసి చేసిన సర్వేలో నగరవాసుల్లో 54 శాతం మందికి యాంటీబాడీలున్నాయని తేలింది. వాళ్లలో నూటికి 75 మందికి తమకు జబ్బు వచ్చిన సంగతే తెలియదు. శాస్త్రవేత్తలు చెప్పింది జరిగిపోయిన దాని లెక్క. మనం విన్నది జరగబోయే దాని హామీ. మాస్కు గడ్డం కిందికి జారింది, పెళ్లి పందిళ్లు లేచాయి. ఏప్రిల్ వచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఆక్సిజన్ సిలిండర్ కోసం ఎవరి కాళ్లు పట్టుకున్నామో మనలో చాలామందికి ఇంకా గుర్తే.

కాబట్టి విద్యార్థులారా, రేపు మరో మహమ్మారి వచ్చి, మరో విశ్వవిద్యాలయం మీ రక్తం అడిగితే నిరభ్యంతరంగా ఇవ్వండి. జబ్బు ఎంతమందిని చుట్టబెట్టి పోయిందో, యాంటీబాడీలు ఎన్నాళ్లుంటాయో తెలియాలంటే అదే దారి. ఆ కాగితం చూపించి గది తాళం చేతిలో పెట్టి, పూర్తి ఫీజు కట్టమంటే మాత్రం ఒక్కటే అడగండి: అయ్యా, మా హాస్టల్ మురుగును ఇవాళ ఎవరైనా చూశారా?