24 గంటల చిరంజీవులు

పొద్దున్నే ఒక పోస్టర్ దిగుతుంది. ఇరవై నాలుగు గంటల్లో ఇన్ని మిలియన్ల వ్యూస్, ఆల్ టైమ్ రికార్డ్! అంకె చుట్టూ మంటలు, పక్కన నల్లకళ్లద్దాలతో హీరోగారు. దాన్ని నలుగురికీ పంపిన పెద్దమనిషే సాయంత్రం టీవీ చర్చలో కూర్చుని, గొంతు సవరించుకుని, "ఈ రోజుల్లో సూపర్‌స్టార్లు ఎక్కడండీ? బాలుగారితోనే సరి" అని నిట్టూరుస్తాడు. పొద్దున అభినందన సభ, సాయంత్రం సంతాప సభ. అధ్యక్షుడు మాత్రం ఒక్కడే, శాలువా కూడా ఒక్కటే.

ఈ సంతాప సభలకి పెద్ద చరిత్రే ఉంది. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయినప్పుడు తెలుగు పాట పనైపోయిందన్నారు. అప్పటికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అనే కుర్రాడు ఏడెనిమిదేళ్లుగా మద్రాసు స్టూడియోల్లో పాడుతూనే ఉన్నాడు. 2020 సెప్టెంబరులో ఆ కుర్రాడూ కన్నుమూస్తే అదే తీర్మానం, పేరు మాత్రం మార్చి, మళ్లీ చదివారు. అమెరికా వాళ్లేమీ తక్కువ తినలేదు. 1977లో ఎల్విస్‌తో అయిపోయిందన్నారు, 2009లో మైకేల్ జాక్సన్‌తో అయిపోయిందన్నారు. ఇప్పుడు టేలర్ స్విఫ్ట్ ఒకే యాత్రలో 149 కచేరీలు చేసి, రెండు వందల కోట్ల డాలర్లకి పైగా టికెట్లు అమ్మితే, "నిజమే, కానీ ఈమే ఆఖరు" అంటున్నారు. ఆఖరి సూపర్‌స్టార్ అనే పదవి మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

కొత్తవాళ్ల మీద వీళ్ల అభియోగం ఏమిటంటే, నిలబడరట. సరే, నిలబడడానికి ఎంత గడువిచ్చారు? పాట విడుదలైన మర్నాడు లెక్క చూస్తారు, వారానికి మళ్లీ చూస్తారు, నెల తిరిగేసరికి "అప్పుడే మర్చిపోయారు చూశారా" అంటారు. టెంక పాతిన మర్నాడే ఆవకాయకి కారం కొట్టించుకునే రకాలు. జాక్సన్ అన్నల పక్కన నిలబడి పాడిన తొలి పెద్ద హిట్ 1969లో వచ్చింది. 'థ్రిల్లర్' వచ్చింది 1982 నవంబరులో. మధ్యలో పదమూడేళ్లు. బాలు తొలి పాట రికార్డయింది 1966 డిసెంబరులో, కోదండపాణి సంగీతంలో. 'శంకరాభరణం' విడుదలైంది 1980లో. ఇక్కడా పదమూడేళ్లే. ఈలోగా ఆయనకి పాటలు రాలేదనీ, పేరు రాలేదనీ కాదు. కానీ ఇప్పుడు మనం దండం పెట్టుకునే బాలుగారు తయారవడానికి అంతకాలం పట్టింది. ఆ పదమూడేళ్లలో ఎవరూ పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టి చూడలేదు.

పాత భక్తి గురించి కూడా ఓ మాట అనుకోవాలి. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి వస్తుంటే వీధి వీధంతా టీవీ ఉన్న ఇంట్లో చేరేది. అదంతా సంగీతాభిమానమే అంటే నాకు కాస్త సందేహం. ఇంకో ఛానల్ లేదు. విసుగొచ్చే పాటైనా కూర్చుని చూశాం, ఎందుకంటే తర్వాతిది బాగుండొచ్చు. అమెరికాలోనూ 1981లో పుట్టిన ఎమ్‌టీవీ కొన్నాళ్లు దాదాపు గుత్తాధిపత్యం చేసింది. మొదట్లో నల్లజాతి గాయకుల వీడియోలు వేయడానికి దానికి మనసొప్పేది కాదు. తలుపు ఒకటే ఉండి, ఆ తలుపు తీసేవాడి దయ మీద తార పుట్టిన కాలమది. దాన్ని ఇప్పుడు స్వర్ణయుగం అంటున్నాం. రిమోట్ లేకపోవడం కూడా అభిరుచి కిందే జమ అయిపోయింది.

ఇక పోస్టర్ మీది అంకెల సంగతి. స్పాటిఫైలో ముప్ఫై సెకన్లు వింటే ఒక శ్రవణం కింద లెక్క. పల్లవి అయ్యేలోపు మీరు బస్సు దిగి ఫోన్ జేబులో పెట్టుకున్నా, గాయకుడికి మీరు శ్రోతే. బిల్‌బోర్డ్ వాళ్లు 2014 డిసెంబరు నుంచి 1,500 శ్రవణాలని ఒక ఆల్బమ్ అమ్మకంగా కట్టడం మొదలెట్టారు. 2018లో దాన్ని సవరించారు: డబ్బు కట్టి వినేవాళ్లవైతే 1,250 చాలన్నారు, ఉచితంగా వినేవాళ్లవైతే 3,750 కావాలన్నారు. అంటే అప్పటి లెక్కలో ఊరికే వినేవాడి చెవి, చందా కట్టినవాడి చెవిలో మూడో వంతు. మన పెళ్లి భోజనాల్లో కూడా ఇంత కచ్చితంగా పంక్తులు విడదీయరు.

ఈ విద్యలో భారతదేశం వెనకబడిందని బెంగపడనక్కర్లేదు. 2019 జులైలో ర్యాపర్ బాద్‌షా పాట ఒకటి ఒక్క రోజులో ఏడున్నర కోట్ల వ్యూస్ దాటిందని, కొరియా బీటీఎస్ కుర్రాళ్ల రికార్డు బద్దలైందని చాటింపు వేశారు. యూట్యూబ్ చప్పట్లు కొట్టలేదు. ఆ లెక్కలో డబ్బిచ్చి వేయించిన ప్రకటనల వాటా కూడా ఉంది మరి. అదే ఏడాది సెప్టెంబరులో, ప్రకటనల ద్వారా వచ్చిన వ్యూస్‌ని 24 గంటల రికార్డుకి లెక్కపెట్టబోమని యూట్యూబ్ ప్రకటించింది. వంట వీడియో చూడబోయినవాడికి మధ్యలో అడ్డం పడి, ఎప్పుడు దాటవేద్దామా అని వాడు వేలు పైకెత్తి కూర్చున్న ఆ కొద్ది క్షణాలని మనవాళ్లు అభిమానం అనుకున్నారు. ఈ అంకెని నమ్మి పట్టాభిషేకం చేసినవాళ్లే, రాజు నెలకే దిగిపోయాడని ఇప్పుడు ఏడుస్తున్నారు.

అసలు "కొత్త" అంటే ఎవరో తేల్చడమూ కష్టమే. 2025 గ్రామీల్లో ఉత్తమ నూతన కళాకారిణిగా చాపెల్ రోన్ గెలిచింది. ఆమెకి పేరు తెచ్చిన 'పింక్ పోనీ క్లబ్' పాట 2020 నాటిది. ఆ ఏడే రికార్డు కంపెనీ ఆమెని వదిలించుకుంది. పాట నాలుగేళ్లు ఎదురుచూసి, 2024లో ఊరేగింది. అదే విభాగంలో ఆమెతో పోటీపడిన సబ్రీనా కార్పెంటర్ అప్పటికి ఆరో ఆల్బమ్ మీద ఉంది. అదే పురస్కారం 1990లో మిల్లీ వనిల్లీ అనే జంటకి ఇచ్చారు. ఆల్బమ్‌లో గొంతులు వాళ్లవి కావని బయటపడ్డాక వెనక్కి తీసుకున్నారు. అంతకుముందు 1962లో బీటిల్స్‌ని పరీక్షించి, పనికిరారని పంపేసింది డెక్కా కంపెనీ. ఎవరు నిలుస్తారో చెప్పే జ్యోతిష్యులకి ఇంత గొప్ప రికార్డు ఉంది కాబట్టే వాళ్ల మాట మనం వింటున్నాం.

మన దగ్గరికొద్దాం. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ ఇండియన్ ఐడల్ గెలిచినప్పుడు తెలుగువాళ్లు ఎన్నికల్లో కూడా వేయనన్ని ఓట్లు వేశారు. ఊరేగింపులు చేశారు, కేకులు కోశారు. ఆ మర్నాటి నుంచి మరో సీజన్‌లో పడ్డారు. ఇటు 2005లో 'ఫేమ్ గురుకుల్' పోటీలో ఓడిపోయి ఇంటికెళ్లిన అర్జీత్ సింగ్, ఎనిమిదేళ్ల తర్వాత 'ఆషికీ 2'తో దేశం మొత్తానికీ తెలిశాడు. ఆ ఎనిమిదేళ్లూ ఆయనకి ఎవరూ ఎస్సెమ్మెస్ పంపలేదు. అదే కలిసొచ్చిందేమో!

'బాహుబలి'లో మనోహరి పాట గుర్తుందా? పాడింది ఆ రేవంతూ, మోహన భోగరాజూ. ఆరేళ్ల తర్వాత 2021లో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బుల్లెట్టు బండి పాటకి బరాత్‌లో నాలుగడుగులు వేస్తే, ఆ గొంతు ఊరూరా తిరిగింది. ఆ పాటా మోహన భోగరాజుదే. పెళ్లికూతురి గురించి టీవీల్లో చర్చలు పెట్టారు, పెళ్లికొడుకుని అడిగారు, వదినని అడిగారు. పాడినమ్మాయి పేరు మాత్రం చాలామంది అడగలేదు. ఇక నాటు నాటు. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద నిలబడి పాడారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. పక్కింటివాణ్ని ఆ పాట ఎవరిదని అడిగి చూడండి. రామ్‌చరణ్, ఎన్టీఆర్ అంటాడు. ఇంకొంచెం తెలిసినవాడైతే రాజమౌళి, కీరవాణి అంటాడు. కాలికి వచ్చిన కీర్తి గొంతుదాకా పాకలేదు.

తెలుగులో గాయకుడు సూపర్‌స్టార్ కాకపోవడానికి ప్రతిభ కరువు కారణం కాదు, ఏర్పాటే అలా ఉంది. వెనకటికి ఎన్టీఆర్, ఏఎన్నార్ ఎవరు పెదవి కదిపినా వినబడింది ఘంటసాల గొంతు. తర్వాత బాలు హీరోకి హీరోలా, అల్లు రామలింగయ్యకి అల్లు రామలింగయ్యలా పాడి, సినిమా మొత్తం ఒక్కడే మోసేవాడు. ఇప్పుడు సినిమాకి ఆరు పాటలుంటే ఆరు గొంతులు. ఒక్కో పాటనీ ఇద్దరు ముగ్గురితో పాడించి చూస్తారు. ఎవరిది ఉంచారో లిరికల్ బయటికొచ్చాక, అందరితో పాటే తెలుసుకునే గాయకులున్నారు. ఒక పాటకి పిలిచి, తర్వాతి పాటకి మరొకరిని పిలిచి, "వీళ్లెవరికీ బాలుగారిలా ముద్ర లేదండీ" అని పెదవి విరిచేది కూడా ఆ పిలిచినవాళ్లే.

అన్నట్టు కేట్ బుష్ సంగతి చెప్పలేదు. ఆమె 1985లో పాడిన పాటని 'స్ట్రేంజర్ థింగ్స్' అనే సీరియల్లో వాడుకుంటే, 2022లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 37 ఏళ్లు పట్టింది. మరయా కేరీ 1994 నాటి క్రిస్మస్ పాట అమెరికాలో తొలిసారి అగ్రస్థానం ఎక్కింది 2019లో. మరి ఈ ఏడాది వచ్చిన ఏ పాట నిలుస్తుందో, ఏది పోతుందో ఈ శనివారం చర్చలో ముగ్గురు విశ్లేషకులు, ప్రకటనల విరామాలు పోను పాతిక నిమిషాల్లో ఎలా తేలుస్తారు?

సరే, పాతకాలంలా ఊరందరికీ ఒకే గొంతు తెలిసే రోజులు మళ్లీ రాకపోవచ్చు, ఒప్పుకుంటాను. మనవడి ఫోన్‌లో మోగేది తాతకి తెలియదు, తాత పాట మనవడికి అక్కర్లేదు. అయినా పొగిడేవాళ్లూ ఏడ్చేవాళ్లూ కాస్త పని చేసి పెట్టాలి. లిరికల్ వీడియోలో పాడినవాడి పేరు హీరో బూటు కంటే పెద్ద అక్షరాల్లో వేయండి. అదే గొంతుకి వరసగా పది సినిమాలివ్వండి. తర్వాత ఓ పదమూడేళ్లు నోరు మూసుకోండి. సంతాప సభకి ఇప్పటికే హాలు మాట్లాడుకున్నవాళ్లు అడ్వాన్సు వెనక్కి అడిగి తీసుకోవచ్చు.