మూతెడు మందు, దోసెడు తవుడు

హరితహారంలో రోడ్ల పక్కన నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయని అడిగితే అధికారులు తడుముకోవచ్చు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇళ్ల వెనక కట్టుకున్న చేపల తొట్లలో మాత్రం పచ్చదనం నూటికి నూరుపాళ్లూ బతికింది. ఎవరూ నాటలేదు, ట్యాంకరుతో నీళ్లు పోయలేదు, ఫొటో దిగలేదు. నీలం టైల్సు పరిచి, మూలన ఫౌంటెన్ పెట్టి, రంగు లైట్లు బిగించి, గృహప్రవేశం నాడు చుట్టపక్కాలందరినీ పిలిచి చూపించిన తొట్టి నెల తిరక్కుండానే గోంగూర పప్పు రంగుకొస్తుంది. అందులో చేపలున్నాయని యజమాని ఒట్టేసి చెబితే నమ్మాల్సిందే, కంటికైతే కనపడవు.

అక్కణ్నుంచి వైద్యం మొదలు.

దుకాణదారుడికి రోగం చెప్పనక్కర్లేదు, మొహం చూసే సీసా తీస్తాడు. "ఏం గాదన్నా, మూతెడు పొయ్యి. తెల్లారేసరికి అద్దం లెక్క అయితది." సీసా మీద జపాన్ కోయి చేప బొమ్మ, దాని కింద ఎంజైములు, మేలు చేసే బ్యాక్టీరియా అని రాత. ఏ బ్యాక్టీరియా, ఎన్ని, ఇంకా ప్రాణంతో ఉన్నాయా అని అడగడం మర్యాద కాదు. మే నెల సూర్యాపేట ఎండకు రేకుల షెడ్డులో ఉడికి కూడా అవి బతికే ఉంటే వాటిని తొట్టిలో పోయకూడదు, సన్మానం చేయాలి.

తెల్లారుతుంది. నీళ్లు అద్దం కావు. మళ్లీ వెళ్తే, "ఒక్క మూత ఏం సరిపోతదన్నా, రెండు పొయ్యాలె." తర్వాత పొడి. ఆ తర్వాత మాత్రలు. ఆపైన నీళ్ల గుణాన్నే మార్చేస్తుందనే అయస్కాంతం. ఈ అంగట్లో ఒక విశేషం ఉంది. దొరికే సరుకంతా తొట్టిలో వేసేదే. తొట్టిలోంచి తీసే సరుకు ఒక్కటీ ఉండదు. వేసేదానికి ధర కట్టొచ్చు, తీయాలంటే ఎవరో ఒకరు నడుం వంచాలి. వంచిన నడుం మీద కమీషన్ రాదు.

పోనీ, ఆ పచ్చదనం ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దాం. మిర్యాలగూడ నుంచి వచ్చింది. నేను ఎగతాళికి అనడం లేదు. అక్కడ బియ్యం మిల్లులు ఎన్నో చెప్పనక్కర్లేదు, మిల్లున్న చోట తవుడుకు కరువుండదు. తవుడు చవక, పైగా చేపలు ఎగబడి తింటాయి. పొద్దున ఇంటాయన దోసెడు, మధ్యాహ్నం ఇంటావిడ దోసెడు, సాయంత్రం బడి నుంచొచ్చిన పిల్లలు తలో పిడికెడు, ఆదివారం చుట్టాలొస్తే వాళ్ల ముచ్చట కోసం ఇంకో రెండు దోసెళ్లు. ఇప్పుడు లెక్క చూడండి. వంద గ్రాముల తవుడులో భాస్వరం గ్రామున్నర దాకా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. బొచ్చె, రవ్వ, కోయి, ఈ జాతి చేపలకు అసలు జీర్ణాశయమే లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది, ఆ ఫైటేట్ అరక్కుండానే బయటికొస్తుంది. తినగా మిగిలిన తవుడు అడుక్కి దిగి కుళ్లుతుంది. నీళ్లలో చేరిన ఒక్క గ్రాము భాస్వరంతో వంద గ్రాముల దాకా ఎండు నాచు తయారు కాగలదు. పచ్చి మీద తూచితే ఇంకెన్ని రెట్లో! అంటే మన ఆసామి తొట్టిలో చేపల్ని పెంచడం లేదు. నాచును సాగు చేస్తున్నాడు, మధ్యలో చేపలు కూలికి పనిచేస్తున్నాయి.

ఇది పాత సంగతే. 1973లో కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం 226 నంబరు సరస్సుకు నడుమ పరదా కట్టి రెండు చేశారు. ఒక పక్క కార్బన్, నత్రజని కలిపారు. రెండో పక్క ఆ రెంటితో పాటు భాస్వరమూ కలిపారు. భాస్వరం పడిన పక్క పచ్చగా మారింది. విమానంలోంచి తీసిన ఆ ఫొటో చూశాక, తమ సరుకులోని భాస్వరం తప్పేమీ లేదన్న సబ్బుల కంపెనీలకు కూడా వాదన సన్నగిల్లింది. మనవాళ్లు కెనడా దాకా పోనక్కర్లేదు. హైదరాబాదు మురుగునంతా మోసుకొచ్చే మూసీ సూర్యాపేట పక్కనుంచే పోతుంది, ఆ నీళ్లే తాగిన ఊరది. నీళ్లు ఎందుకు చెడతాయో ఆ ఊరివాళ్లకు ఒకరు చెప్పాలా?

కానీ తొట్టి దగ్గరికొచ్చేసరికి ఆ జ్ఞానం గేటు బయటే ఆగిపోతుంది. కాస్త చదువుకున్నవాడు సీసా మానేసి మైలుతుత్తం అందుకుంటాడు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పెట్టిన రైతుకు ఇది తెలిసిన మందే. మడిలో పాచి పడితే గోనెసంచిలో తుత్తం కట్టి నీళ్లు పారే మడవ దగ్గర పెడతారు. పొలంలో పనిచేసింది, తొట్టిలో ఎందుకు చేయదని మనవాడి తర్కం. చేస్తుంది, భేషుగ్గా చేస్తుంది. అయితే మడిలో చేపలు లేవు! అమెరికా వ్యవసాయ శాఖవాళ్లు 1904లోనే మంచినీళ్ల జలాశయాల్లో నాచుకు తుత్తం వాడి చూపించారు, కాదనను. కాకపోతే మోతాదు నీటి క్షారతను బట్టి ఉంటుంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల క్షారత ఉన్న నీళ్లు ఐదువేల లీటర్లుంటే లెక్క ప్రకారం పడేది 10 గ్రాములు. మనవాడు వేసేది గుప్పెడు. క్షారత ఎంతని అడిగితే, "నీళ్లు మంచిగనే ఉన్నయి సారూ, బోరు నీళ్లు" అంటాడు. మోతాదు సరిపోయినా నాచంతా ఒక్కసారే చచ్చి కుళ్లుతుంది, ఆ కుళ్లడానికి నీళ్లలోని ఆక్సిజనంతా ఖర్చవుతుంది. రెండోనాటికి నీళ్లు నిజంగానే తేటగా ఉంటాయి. పైన తేలుతున్న చేపల్ని లెక్కపెట్టుకోవడానికి ఆ తేటదనం పనికొస్తుంది.

తుత్తానికి భయపడేవాళ్లకు అక్వేరియం కొట్టువాడు 'ట్యాంక్ క్లీనర్' అంటగడతాడు. గోడకు నోరానించి పాకే నల్లటి దక్షిణ అమెరికా చేప. అది నాచు తింటుంది, తిన్నది తొట్టిలోనే విసర్జిస్తుంది. భాస్వరం ఇటునుంచి అటు మారిందంతే. పెద్దదై తొట్టి పట్టకపోతే పుణ్యానికని తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. ఆ పుణ్యం ఎంతదాకా పోయిందంటే, తూర్పు కనుమల నీటి వనరుల్లో ఆ జాతి ఎక్కడెక్కడ పాకిందో పట్టుకోవడానికి హైదరాబాదు సీసీఎంబీవాళ్లు నీళ్లలోని డీఎన్ఏను వెతికే పద్ధతి తయారు చేయాల్సి వచ్చింది.

ఇక తెల్లవారుజాము వేడుక. పగలు ఎండలో ఆక్సిజన్ వదిలిన నాచు రాత్రంతా దాన్ని తిరిగి పీల్చుకుంటుంది. ఐదు గంటలకల్లా చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడతాయి. ఊపిరాడక చస్తున్నాయి. దాన్ని ఫోన్లో తీసి, 'మా చేపలు గుడ్ మార్నింగ్ చెబుతున్నాయి' అని స్టేటస్ పెట్టేవాళ్లున్నారు. ఆకలేస్తోందేమోనని ఇంకో దోసెడు తవుడు వేసే దయామయులూ ఉన్నారు. కొర్రమీనైతే ఇలాంటి చోట నీళ్లపైకి మూతి పెట్టి గాలి పీల్చుకుని బతుకుతుంది. దాన్నే తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంచుకున్నారు. మన నీళ్ల సంగతి తెలిసే ఎంచుకున్నారేమో.

అసలు పచ్చనీళ్లంటే ఇంత భయం ఎందుకో కైకలూరు, ఆకివీడు చేపల రైతులకు అర్థం కాదు. వాళ్లు పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి మరీ నీళ్లకు రంగు తెప్పిస్తారు. మోచేతి దాకా చెయ్యి ముంచి అరచేయి కనపడుతోందా లేదా చూసుకుంటారు. లీలగా కనపడితే సరే, బొత్తిగా కనపడకపోతే మేత తగ్గిస్తారు. వాళ్లకు చేప కావాలి, మనవాళ్లకు టైల్సు కనపడాలి. టైల్సే కనపడాలంటే చేపలు లేని తొట్టి కట్టుకోవచ్చు, దానికి ఈత కొలనని మంచి పేరు కూడా ఉంది.

పటిక సంగతి కూడా చెప్పి తీరాలి. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నీరి సంస్థవాళ్లు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. ఆ పటికే భాస్వరాన్నీ పట్టి అడుక్కి దించుతుంది. దించుతుంది, అంతే. అడుగు మట్టిని ఎత్తిపోసేది మళ్లీ మనిషే.

ఎత్తిపోయడం మనకు కొత్త విద్యా? ఎండాకాలం చెరువు అడుగంటితే పూడికమట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకున్న జాతి మనది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో సర్కారు చేయించిందీ అదే. చెరువుకు భారం తగ్గేది, పొలానికి బలం చేరేది. ఇంటి తొట్టికి కావలసిందీ అంతకంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. తీగలా సాగే నాచును కర్రకు చుట్టి లాగి జామచెట్టు మొదట్లో వేయడం, అడుగు బురద బకెట్లతో ఎత్తి కరివేపాకుకు పోయడం, సగం తొట్టికి కలువాకుల నీడ పట్టడం, రాత్రి గాలి పంపు ఆడించడం, పది నిమిషాల్లో చేపలు తినగలిగినంతే మేత వేయడం. సీసాకు బేరమాడకుండా డబ్బులిచ్చే పెద్దమనిషి, బురద ఎత్తడానికొచ్చిన కూలీ దగ్గర మాత్రం గంటసేపు గీసిగీసి బేరమాడతాడు.

కాబట్టి దుకాణదారులకు ఒక వ్యాపార సలహా. మనవాళ్లు పథ్యం లేని మందును మందుగా లెక్కచేయరు. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప మందు మింగినవాళ్లు కూడా పథ్యం చిట్టీ జేబులో పెట్టుకునే ఇంటికొస్తారు. ఒక ఖాళీ సీసాకు మంచి లేబులేసి, అయిదొందలు పెట్టి అమ్మండి. లేబులు మీద ఇలా రాయండి: "మూడు రోజులు మేత వేళకు ఈ సీసా మూత తీసి, తొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగి, మూత పెట్టవలెను. ఆ మూడు రోజులు చేపలకు ఏమి వేసినా మందు విరిగిపోవును. తర్వాత కూడా రోజుకు చిటికెడు మించి వేస్తే కంపెనీకి బాధ్యత లేదు."