వాసన

బీఫ్ రోస్టు చేయాలంటే సగం పని మాంసం కొట్టులోనే అయిపోవాలి. లీడ్స్‌లోని కిర్క్‌గేట్ మార్కెట్‌కి వెళ్లి నేను అడిగేది ఫోర్‌రిబ్. మూడు పక్కటెముకలున్న ముక్క, మూడు కిలోల దాకా తూగాలి. ఎముక తీసేసి దారంతో చుట్టినది కోయడానికి సులువే. అయినా నేను కొనను. ఎముకలు కింద పీటలా నిలబడి, మాంసం అడుగు మాడకుండా కాస్తాయి. కనీసం 28 రోజులు చల్లగదిలో వేలాడదీసిందైతే నీరు తగ్గి రుచి చిక్కబడుతుంది, నార మెత్తబడుతుంది. ఎర్రగా నిగనిగలాడేదాని కంటే ముదురు రంగుదే నయం. లోపల సన్నటి కొవ్వు చారలు మాత్రం కనబడాలి.

ఒక ఆదివారం మా ఆఫీసు మిత్రుణ్ణి కుటుంబంతో సహా భోజనానికి పిలిచాం. అతనిది హైదరాబాదు. ‘మేం అన్నీ తింటామన్నా, ఏం మొహమాటపడకండి’ అని ముందే చెప్పాడు. నాకెంత సంతోషమేసిందో! ఖమ్మం దగ్గర మా ఊళ్లో పెద్దకూర వండిన రోజు అమ్మ తలుపులు దగ్గరకు వేసేది. ఇక్కడ అదే మాంసాన్ని బల్ల నడుమ పెట్టి, అందరి ముందూ కోసి వడ్డిస్తారు.

ముందురోజు రాత్రే ఉప్పు రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. పైతడి ఆరితేనే కరకరలాడే పొర కడుతుంది. 220 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉంచి, తర్వాత 160కి తగ్గించి, ముక్క నడిమధ్య వేడి 52 డిగ్రీలకు రాగానే బయటికి తీశాను. ఎంత ఆకలేసినా ఆపైన అరగంట ఆగాల్సిందే. లోపలి వేడి ఇంకొన్ని డిగ్రీలు పెరుగుతుంది, కోసినప్పుడు రసం పళ్లెంలోకి కారిపోదు. ఈలోగా ఓవెన్ వేడి మళ్లీ పెంచి, కారిన కొవ్వులోనే యార్క్‌షైర్ పుడ్డింగులు పొంగించాను.

గుమ్మంలో అడుగుపెడుతూనే అతను గట్టిగా గాలి పీల్చాడు. ‘అబ్బ, ఏం వాసనన్నా! కారు దిగుతుంటేనే తగిలింది.’

అడిగి మరీ మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. వాళ్లబ్బాయి ఎముక రెండు చేతులా పట్టుకుని చీకుతుంటే మా ఆవిడ మురిసిపోయింది.

మిగిలింది డబ్బాలో సర్ది ఇస్తుంటే అతనికి ఫోనొచ్చింది. హైదరాబాదులో ఫ్లాటు అద్దెకు పెట్టాడట, అవతల బ్రోకరు.

‘ఇద్దరూ ఉద్యోగస్థులేనా? మంచిదే. ఏం తింటారో కనుక్కున్నావా? ... పెద్దకూరా? వద్దొద్దు, వాళ్లకివ్వకు. ఆ వాసన గోడలకు పట్టిందంటే జన్మలో పోదు.’

ఫోను జేబులో వేసుకుని మా ఆవిడ వైపు తిరిగాడు.

‘వదినా, ఆ ఎముకలు కూడా పెట్టండి. మావాడికి ప్రాణం.’